‘అను’ అన్న ఒక్క మాట

మా ముత్తాత నరసింహారావుగారు మొగుళ్లపల్లి వైపు మూడు ఊళ్లకు మాలీ పటేలు. ఆ ఊళ్ల శిస్తు ఆయన చేతి మీదుగా సర్కారుకు చేరేది. మా తాత రాఘవరావుగారి మాట ఆ మూడు ఊళ్లు దాటి చెల్లేది. చెరువు తూము ఎప్పుడు ఎత్తాలో, ఎవరి గెట్టు ఎక్కడ ఆగాలో ఆయనే మా గడీ కచీరులో కూర్చుని తేల్చేవారు. గడీ మా ఇల్లు. కచీరు అందులో తగవులు విచారించే ముందరి సావిడి. మా నాయన కాలానికి పటేల్‌గిరీలు రద్దయ్యాయి. భూములు కొన్ని చట్టం కింద పోయాయి, కొన్ని కోర్టు ఖర్చుల కింద పోయాయి. నేను వ్యాయామ విద్య చదివి ప్రభుత్వ జూనియర్ కళాశాలలో ఫిజికల్ డైరెక్టరుగా చేరాను. మా వంశంలో జీతం తీసుకున్న మొదటివాడిని నేనే. మెడలో ఈల వేసుకున్నందుకు బంధువుల్లో కొందరు నవ్వారు.

కొత్త జిల్లాలు ఏర్పడిన కొన్నేళ్లకు ఉద్యోగ విరమణ చేశాను. అదే సంవత్సరం, పత్తి తీతల కాలంలో, ఒక ప్రైవేటు కబడ్డీ లీగు వారు నన్ను మ్యాచ్ కమిషనరుగా తీసుకున్నారు. ఈ పదవి గురించి బయటివారికి పెద్దగా తెలియదు. కమిషనరు ఈల ఊదడు. ఆట నడిపేది రెఫరీ, ఆయనకు సాయంగా ఇద్దరు అంపైర్లు. కమిషనరు బల్ల దగ్గర కూర్చుని వాళ్ల పని గమనిస్తాడు. ఆట ముగిశాక ఆటగాళ్ల ప్రవర్తన మీద ఫిర్యాదు వస్తే విచారణకు అధ్యక్షత వహిస్తాడు. రెఫరీ చూపే పచ్చ కార్డు హెచ్చరిక. పసుపు కార్డు చూస్తే ఆటగాడు కాసేపు బయట కూర్చోవాలి. ఎర్ర కార్డుతో ఆ ఆటే పోతుంది. కార్డులతో తేలనిది నా బల్ల మీదికి వచ్చేది.

ఒకప్పుడు ఊరి పోటీల్లో నోటికి హద్దు ఉండేది కాదు. తొడ కొట్టేవారు, అమ్మలక్కల దాకా తిట్టుకునేవారు, సాయంత్రానికి ఒకే చోట చాయ తాగేవారు. ఇప్పుడు ఆట ఆడే చాప పక్కన కెమెరా ఉంది, అంపైరు కాలరుకు మైకు ఉంది, చొక్కా మీద ప్రకటన ఇచ్చిన కంపెనీ పేరు ఉంది. అందువల్ల లీగు వారు ప్రవర్తన నియమావళి రాయించారు. దానిని చూసుకునే అధికారి శ్రీకాంత్ విజయవాడ మనిషి, మర్యాదస్థుడు. ఆటగాళ్లు వాడకూడని పదాల జాబితా తయారుచేసి, ఈ ప్రాంతపు మాటలు సరిచూడమని నా చేతికి ఇచ్చారు. అందులో ‘పోరడు’ ఉంది.

“ఇది తిట్టు కాదాండీ?” అన్నారు.

“కాదు. నా విద్యార్థులందరినీ ఉద్యోగం ఉన్నన్నాళ్లూ అట్లాగే పిలిచాను” అన్నాను. దానిని కొట్టేశారు. ‘బాంచన్’ అందులో లేదు. చేర్చమని నేనూ చెప్పలేదు. నా దృష్టిలో అది తిట్టు కాదు.

ఆ ఆట జనగామలో, మహబూబాబాద్, భూపాలపల్లి జట్ల మధ్య జరిగింది. మహబూబాబాద్ రైడరు రవి మరిపెడ దగ్గరి తండా నుంచి వచ్చినవాడు. భూపాలపల్లి జట్టులో ఎడమ మూల కాసే సంపత్ మొగుళ్లపల్లి వైపు వాడు. చీలమండ పట్టడంలో వాడికి మంచి పేరు. ఆట చివరికొచ్చింది. రవి బోనస్ గీత దాటించాలని కాలు చాపాడు, సంపత్ ఆ కాలు పట్టేశాడు. రవి బోర్లా పడ్డాడు. మధ్యగీతకు చెయ్యి అందలేదు. రెఫరీ ఈల వేశాడు. ఈల పడిన క్షణం పట్టు వదలాలి. సంపత్ వదలలేదు.

“బాంచన్ అను, ఇడుస్త” అన్నాడు.

“బాంచన్, ఇడువు” అన్నాడు రవి.

దగ్గరి గ్యాలరీలో కొందరు నవ్వారు. పట్టు ఆలస్యంగా వదిలినందుకు రెఫరీ పచ్చ కార్డు చూపి ఆట సాగించాడు. ఆ రెండు మాటలూ పక్కనే ఉన్న అంపైరు మైకులో పడ్డాయి. మరునాటికి ఆ ముక్క అందరి ఫోన్లలో ఉంది.

మా వైపు వారికి చెప్పనక్కరలేదు గాని, ఇతరుల కోసం చెబుతున్నాను. బాంచన్ అంటే దాసుడు. ‘నీ బాంచన్’ అని దొర ముందు చేతులు కట్టుకుని అనేవారు. ఆ కాలం పోయింది, మాట మిగిలింది. కదిలిన బస్సును ఆపమని కండక్టరును ‘నీ బాంచన్’ అంటారు. దోస్తులు నవ్వుతాలుకు అనుకుంటారు. కాబట్టి అది అవమానమా, వాడుకా అన్న ప్రశ్న విచారణకు కూర్చున్న మేం పుట్టించింది కాదు. ఫోన్లలో ఆ ముక్క చూసిన వాళ్లే రెండుగా చీలిపోయారు. ఒక తండా యువకుడి చేత బానిస మాట అనిపించారని కొన్ని సంఘాలు లీగు కార్యాలయానికి వచ్చి ఫిర్యాదు ఇచ్చాయి. మా యాసను మళ్లీ తప్పు పడుతున్నారని మరికొందరు అన్నారు.

విచారణ జనగామలో మేం దిగిన హోటలు మీటింగు హాలులో, పొద్దున పెట్టాం. విచారణ సంఘంలో నేను, శ్రీకాంత్, జనగామ కోర్టు వకీలు సుదర్శన్. మొదలుపెట్టే ముందు నేను ఒక సంగతి చెప్పాను. సంపత్ ఊరు మా ముత్తాత పటేల్‌గిరీ చేసిన మూడింటిలో ఒకటి. అభ్యంతరమైతే తప్పుకుంటానన్నాను.

“ఈడ ఎవలి ఊరు ఎవలిది గాదు చెప్పుండ్రి సార్? కూసోండ్రి” అన్నారు సుదర్శన్. శ్రీకాంత్ కూడా అభ్యంతరం లేదన్నారు.

నియమావళిలో తప్పులకు మూడు స్థాయిలు. మొదటిదానికి మందలింపు. రెండోది నోటి దురుసు, దానికి రెండు ఆటల నిషేధం. పుట్టుకను, కులాన్ని, హోదాను అడ్డం పెట్టుకుని మనిషిని కించపరచడం మూడోది. అది రుజువైతే సీజనంతా నిషేధం, వచ్చే ఏడు జట్లు ఆటగాళ్లను కొనుక్కునే వేలంలో పేరు ఉండదు. సంపత్‌కు అప్పటికే ముప్పై ఏళ్లు దగ్గరపడ్డాయి, కుడి మోకాలికి ఆపరేషన్ అయింది. ఒక్క వేలం పోతే వాడి ఆట అక్కడితో ఆగుతుంది. అది గదిలో ఉన్న అందరికీ తెలుసు.

సంపత్ నిలబడి మాట్లాడాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“సార్, గది తిట్టు గాదు. మా ఇంట్ల పొద్దున లేస్తే గదే మాట. వీడు, నేను స్పోర్ట్స్ హాస్టల్ల ఒక్క పళ్లెంల తిన్నం. కాలు దొరికితే నేను వీనితోని అనిపిస్త, నా మెడ దొరికితే వీడు నాతోని అనిపిస్తడు. అప్పటిసంది గిదే ఆట.”

రవిని అడిగాం. “నాకేం కోపం లేదు సార్. నేను నవ్విన గూడ. వీడియోల నా మొఖం కనబడలే, అంతే. పడ్డోనికి లేని నొప్పి మీకెందుకు సార్?”

సుదర్శన్ నవ్వు ఆపుకున్నారు. బాధితుడే నొచ్చుకోలేదంటే ఫిర్యాదు ఎవరిదవుతుందని శ్రీకాంత్ సందేహపడ్డారు. అది సరైన సందేహమే. నేను రవిని ఒకే ప్రశ్న అడిగాను. ఆట తర్వాత ఇంటికి వెళ్లావా అని.

“పోయిన సార్.” కొంచెం ఆగాడు. “తండోళ్లు సంపత్‌ను ఏమనలే. నన్ను అడిగిండ్రు. వాడు అనమంటే నువ్వెట్ల అన్నవురా అని. మా బాపు రెండు దినాలు మాట్లాడలే. గదొక్కటే జర పరేషాన్.”

అంతలో భూపాలపల్లి జట్టు మేనేజరు లేచి, సంపత్ తండ్రి బయట ఉన్నాడని, ఒక్క మాట చెప్పుకోనివ్వమని కోరాడు. విచారణలో కుటుంబానికి మాట్లాడే హక్కు లేదు. అధ్యక్షుడు అనుమతిస్తే రావచ్చు. అనుమతించాను.

ఆయన పేరు ఐలయ్య. కోర్టులాంటి చోటని ఎవరో చెప్పి ఉంటారు, తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. మేమందరం చెప్పులతోనే ఉన్నాం. ఆయన మాత్రం తనవి హాలు గుమ్మం బయట విడిచాడు. నన్ను చూసి, “తమరు రాఘవరావు దొర మనుమలు గదా” అన్నాడు. అవునన్నాను. ఆయన చేతులు జోడించి నడుము వంచాడు.

“నీ బాంచన్ దొరా. పోరడు తెల్వక అన్నడు. వాని ఆట తియ్యకుండ్రి. నీ కాల్మొక్త.”

“నాయినా” అన్నాడు సంపత్. “గట్ల అనకు. లే. బయటికి పో.”

ఐలయ్యకు కొడుకు ఎందుకు కసురుకున్నాడో అర్థం కాలేదు. మరోసారి దండం పెట్టి వెళ్లిపోయాడు. నేను సంపత్‌ను అడిగాను.

“మామూలు మాట అన్నావు. మీ నాయన అంటే ఎందుకు వద్దన్నావు?”

“అది ఏరు సార్.”

“ఏమిటి వేరు?”

వాడు గోడకేసి చూశాడు. సుదర్శన్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

ఆ జవాబు నాకు తెలుసు. బడిలో వేయకముందు నేను కచీరులో తాతగారి పక్కన కూర్చునేవాడిని. ఒకరోజు ఒక రైతును తీసుకొచ్చారు. అతని బర్రె మా జొన్నచేనులో పడింది. అతను తప్పు ఒప్పుకున్నాడు, దండుగ ఇస్తానన్నాడు. తాతగారు నీళ్ల పంపకంలో, గెట్ల తగవుల్లో న్యాయం తప్పని మనిషి. ఆ మాట ఎవరి ముందైనా చెబుతాను. కాని ఆ రోజు ఆయనకు దండుగ చాలలేదు. అతని వైపు చూసి, “అను” అన్నారు. అంతే. ఏమనాలో చెప్పలేదు. అతను అన్నాడు. అందరూ చూశారు. అతను వెళ్లిపోయాక తాతగారు పాన్‌దాన్ తెప్పించుకున్నారు.

సభ్యులు ముగ్గురం విడిగా కూర్చున్నాం. సుదర్శన్ రెండో స్థాయి చాలన్నారు. శ్రీకాంత్ మూడో స్థాయి అన్నారు, సంఘాల ఒత్తిడి కూడా చూడాలన్నారు. ఒత్తిడి మాట ఉత్తర్వులో రాయవద్దని చెప్పి నేను మూడో స్థాయికే ఓటు వేశాను. కారణం ఉత్తర్వులో ఇలా రాశాను: ‘బాంచన్’ అనే మాట వాడటం నేరం కాదు. ఈల పడి, ఆట ఆగి, కింద పడి లేవలేని స్థితిలో ఉన్న మనిషిని పట్టుకుని, విడుదలకు బదులుగా అతని చేత ఆ మాట అనిపించడం నేరం. ఆ మాట బరువు ఆటగాడికి తెలియదనడానికి వీల్లేదు. అది తన ఇంటి మనిషి నోట వినలేకపోవడం సంఘం చూసింది.

సుదర్శన్ తన భిన్నాభిప్రాయం కింద రాసి సంతకం చేశారు. కలం మూస్తూ అన్నారు. “ఒక్కటి అడుగుత, తప్పుగా అనుకోకుండ్రి సార్. ఈ శిక్ష ఆ పిలగాడు అన్నదానికి ఏస్తున్నరా, మీ కచీరుకు ఏస్తున్నరా?”

ఉత్తర్వులో ఏది రాసి ఉందో దానికే అన్నాను.

తీర్పు చదివినప్పుడు సంపత్ తల వంచలేదు. రవి మాత్రం, “మమ్ములను అడిగి ఇయ్యలే గదా సార్” అన్నాడు. ఇద్దరూ కలిసే హాలు బయటికి నడిచారు. గుమ్మం దగ్గర, అప్పటిదాకా అక్కడే కాచుకుని ఉన్న ఐలయ్య చెప్పులు తొడుక్కుంటూ ఉంటే కొడుకు ఆయన భుజం పట్టుకుని నిలబడ్డాడు.

మరుసటి ఏడు వేలంలో సంపత్ పేరు లేదు. ఆ తర్వాతా రాలేదు. మొగుళ్లపల్లిలో వరికోత యంత్రం నడుపుతున్నాడని విన్నాను. ఒక ఆటలో రవి భుజం జారి, అతనూ ఆగిపోయాడు.

లీగు వారు ఈ కేసు నుంచి ఒక పాఠం తీసుకున్నారు. నిషిద్ధ పదాల జాబితాలో ‘బాంచన్’ చేర్చారు. నా ఉత్తర్వులో ఉన్నది అది కాదని రాసి పంపాను. నియమం సులభంగా ఉండాలని శ్రీకాంత్ మర్యాదగా బదులిచ్చారు. తర్వాతి సీజనులో మహబూబాబాద్ ఆటగాడొకడు రెఫరీని, “నీ బాంచన్ సార్, ఒక్కసారి మళ్ల చూడుండ్రి” అని బతిమాలాడు. జాబితా ప్రకారం అతనికి పచ్చ కార్డు చూపారు. నేను ఆ బల్ల దగ్గరే ఉన్నాను. కార్డు నియమం ప్రకారం సరైనదేనని నమోదు చేశాను. ఆ సీజనుతో ఆ పని మానుకున్నాను.

ఇప్పటికీ ఎవరైనా అడిగితే, ఆ ఉత్తర్వులో ఒక్క అక్షరం మార్చనని చెబుతాను. సుదర్శన్ అడిగిన ప్రశ్నకు ఇంతకంటే జవాబు నా దగ్గర లేదు. ఆటలో ఏ మాట తప్పు అని జాబితా రాస్తే, తప్పు జాబితాలో దొరకదు. ఎవరు ఎవరి కాలు పట్టుకుని ఉండగా ఆ మాట వచ్చిందో చూడాలి. ‘అను’ అన్న మాటను ఏ జాబితాలోనూ చేర్చలేం. అది అందరూ వాడే మాట.

నేను పని మానుకున్న ఎండాకాలంలో, గడీలో మిగిలిన కచీరు టేకు స్తంభాలు, దర్వాజా, తాతగారు కూర్చున్న గద్దె రాయి, జనగామ దాటాక వరంగల్ రోడ్డు మీద హోటలు కట్టుకుంటున్నవారికి అమ్మేశాం.