నీళ్ళ మీద తేలే రాయి

ఫ్యాన్సీ షాపులో కొన్న, కాళ్ళు రుద్దుకునే రాయిని మగ్గు నీళ్ళలో వేశాను. తేలింది. తొమ్మిదో తరగతి పిల్లలంతా "ఓ" అని అరిచారు. తిరువూరులో సోషల్ చెప్పడం మొదలుపెట్టాక నా పాఠానికి అంత సందడి ఎప్పుడూ లేదు.

"గోలీసోడా కొట్టగానే నురగ ఎందుకు పొంగుతుంది?" అన్నాను.

"గ్యాసు మేడమ్!"

"అంతే. భూమి లోపల కరిగిన రాతిలోనూ గ్యాసులు అణిగి ఉంటాయి. పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి, అది నురగలా పొంగుతుంది. గాలి తగిలి చప్పున గట్టిపడితే ఆ బుడగలు లోపలే ఉండిపోతాయి. అందుకే ఇది ఇంత తేలిక. గ్యాసు పోయాక పారి చల్లారిన లావా అయితే నల్లగా, బరువుగా ఉండే బసాల్టు రాయి అవుతుంది."

ఆ మురిపెంతోనే ఇంటికెళ్ళి రాయిని అమ్మ చేతిలో పెట్టాను. అమ్మ నా దగ్గరే ఉంటుంది. గంపలగూడెం పత్తి చేలల్లో ఏళ్ళతరబడి తిరిగిన కాళ్ళు. మడమల నిండా పగుళ్ళు, చిటికెన వేలి కింద ఆనెకాయ. ఆ ఆదివారం మా ఆడపడుచు వాళ్ళ గృహప్రవేశం.

"నలుగురిలో ఆ కాళ్ళేంటమ్మా? నా పరువు పోతుంది. దీంతో బాగా రుద్దుకో" అన్నాను.

నా నోరు పడిపోను! అమ్మకు షుగరు. కాళ్ళలో స్పర్శ తగ్గిందని, జాగ్రత్తగా చూసుకోమని డాక్టరు నాతోనే చెప్పాడు. రాయి ఎలా పుట్టిందో క్లాసంతటికీ చెప్పినదాన్ని, కన్నతల్లి కాళ్ళ సంగతి మర్చిపోయాను.

అమ్మ రోజూ రుద్దింది. శనివారం బాత్రూమ్ గచ్చు మీద ఎర్రగా కనిపిస్తే హడలిపోయి అడిగాను.

"నొప్పేం లేదే. చూడు, ఎంత నున్నగా వచ్చిందో!" అంటూ పాదం చాపింది. ఆనెకాయ ఉండాల్సిన చోట పచ్చి పుండు.

అప్పుడైనా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళానా? పసుపు అద్ది, గుడ్డ చుట్టి, గృహప్రవేశంలో తిప్పాను. చివరికి విజయవాడ తీసుకెళ్ళేసరికి వేలు నల్లబడింది. తీసేశారు.

ఇప్పుడు చూడ్డానికి ఎవరొచ్చినా అమ్మది ఒకటే మాట.

"ఊరెళ్ళినప్పుడు చేలో ముల్లు దిగిందండి, నేనే అశ్రద్ధ చేశాను. మా అమ్మాయి కనిపెట్టి ఆస్పత్రికి తీసుకెళ్ళబట్టి సరిపోయింది, లేకపోతే కాలే పోయేది."

వాళ్ళు నా వైపు తిరిగి, "కూతురంటే నువ్వేనమ్మా" అంటారు.

నేను కాఫీ గ్లాసులు అందిస్తాను. ఇంతవరకు ఒక్కరితోనూ కాదని చెప్పలేదు.