కోటమ్మ జరిగి ఇచ్చిన చోటు

మైదా జిగురు వాసన తగిలితే నా చేతిలో పని ఆగిపోతుంది. నిన్న మనవరాలు క్రిస్మస్ నక్షత్రానికి రంగు కాగితాలు అంటిస్తుంటే మళ్లీ అంతే అయింది. రూతమ్మ గురించి ఎవరూ రాయలేదు. ఆమెను ఎరిగినవాళ్లం నలుగురైదుగురం మిగిలాం, మాకూ ఓపిక తగ్గుతోంది. అందుకే ఇది రాసిపెడుతున్నాను.

పంతొమ్మిదివందల డెబ్భైల చివర రూతమ్మ ఉదయగిరి పక్కన మా పాలెంలో బైబిలమ్మ. ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పేది. మోకాళ్ల నొప్పికి ప్రతి గుమ్మం దగ్గరా కూలబడేది. నేను ఐదో తరగతితో బడి మానేసి, ఆత్మకూరు లైబ్రరీలో చదువుకున్నవాణ్ణి. ఆ గర్వం నాకు బాగా ఉండేది. ఆ ఏడు క్రిస్మస్ ప్రసంగం నన్నే చెప్పమన్నారు. సత్రంలో చోటు దొరక్క పశువుల పాకలో పుట్టినవాడు మనవాడేనని, ఊరి బయట గొర్రెలు కాసేవాళ్లకే ముందుగా కబురొచ్చిందని గంటసేపు చెప్పాను. టీకొట్టులో మాకు వేరే గ్లాసు పెట్టే సంగతీ చెప్పాను. పెద్దలు కళ్లు తుడుచుకున్నారు.

తర్వాత ప్రేమవిందు, సంఘమంతా కలిసి తినే భోజనం. గుడి లోపల, మైదా జిగురు ఇంకా ఆరని రంగు కాగితాల కింద, చాపల మీద అందరికీ విస్తళ్లు వేశారు. కుష్ఠు నయమైందని డాక్టరు కాగితమిచ్చి పంపిన కోటమ్మ మాత్రం బయట మెట్టు మీద, ఇంటినుంచి తెచ్చుకున్న సత్తుపళ్లెంతో కూర్చుంది. తెచ్చుకోమన్నది మేమే. నా ప్రసంగమంతా ఆమె అక్కడినుంచే విన్నది.

రూతమ్మ తన విస్తరి ఎత్తుకుని లేచింది.

"యాడికవ్వా?" అన్నాను.

"చోటు లేదని అంతసేపు చెప్పినావే అబ్బయా, అది యాడుండాదో చూసొస్తా."

"పిల్లలు తినే చోటు, మాకు భయముండదా?" అన్నాడొక పెద్దాయన.

"వేరే గ్లాసు పెట్టేవాడికీ ఏదో ఒక భయముంటాది లేయ్యా."

బయటికెళ్లి కోటమ్మ పళ్లెం తను తీసుకుంది. విస్తరి ఆమె ముందు పెట్టి, ఆ పళ్లెంలోనే అన్నం కలుపుకుంది. నాకూ భయమే. చాలాసేపటికి లేచి వెళ్లాను. కోటమ్మ కాస్త పక్కకు జరిగి, "ఇట్టా కూచో నాయనా, ఆడ ఎండ కొడతాది" అంది.

ఆ రోజు ఇంకెవరూ లేవలేదు. మరుసటి ఏడు కోటమ్మను లోపలికి రానిచ్చారు, చాప మాత్రం వేరే. "ఒక్క గడప దాటేదానికి ఏడాది పట్టింది. అలిసిపోయినాను రా," అంది రూతమ్మ. చాపలు కలిసేలోగా ఆమె పోయింది.

ఇప్పటికీ ప్రసంగానికి లేచే ముందు తలుపు బయటికి చూస్తాను. ఎవరో ఒకరు ఉంటూనే ఉన్నారు.

మరిచినవి గుర్తుచేసిన యేసుపాదానికి, రాసింది చదివి దిద్దిన మస్తాన్ గారికి, జిగురు కలిపిన మనవరాలు సువార్తకు కృతజ్ఞతలు. చోటు లేని చోట నాకు చోటిచ్చిన కోటమ్మకు కూడా.