అప్పలనాయుళ్లను విడదీసిన సార్

సార్ పోయారని మిల్లు గేటు దగ్గర అప్పలనాయుడు చెప్పాడు. ఏ అప్పలనాయుడని మీరు అడగకపోయినా నేను చెప్పాలి. మా జూట్ మిల్లులో పదకొండుమంది ఉన్నారు. ఇతను కళ్లజోడు అప్పలనాయుడు. "కంప్యూటర్ బాబు పోనారమ్మా. పొద్దున్న పళ్లు తోముకుంతూ అలాగే కూలబడిపోనారట," అన్నాడు. అయ్యో అన్నాను. అని, లోపలికి వెళ్లి ఆయన కుర్చీలో కూర్చున్నాను. రెండేళ్లుగా అది నా కుర్చీ.

సార్ రాజాం దగ్గర మా మిల్లులో కంప్యూటర్ సెక్షన్ ఇన్‌చార్జి. నేను ఆయన కింద గుమాస్తాని. చేరిన కొత్తలో రెండు వేళ్లతో కొట్టేదాన్ని, అన్నీ తప్పులే. ఒక్కనాడూ కసురుకోలేదు. "నిదానంగా కొట్టమ్మా. తొందరగా కొట్టిన తప్పుల్ని దిద్దడానికే నా సగం ఉద్యోగం సరిపోతన్నాది," అనేవారు. ఈవేళ నాకు వచ్చిన పనంతా ఆయన పెట్టిన భిక్షే. ఈ మాట ఆయన బతికుండగా ఎవరి ముందూ అనలేదు.

ఆయనకో అలవాటుండేది. ఏ కాగితం చేతికొచ్చినా చివరి అక్షరం దాకా చదివేవారు. మందుల డబ్బాలో మడతపెట్టి ఉండే కాగితం కూడా వదిలేవారు కాదు. హాజరు, స్టోరు, జీతాలు అన్నీ ఒకేచోట నడిపే పెద్ద సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ మిల్లు కొన్నప్పుడు, దానితో వచ్చిన ఒప్పందం కట్టని చదివింది మిల్లు మొత్తం మీద ఆయన ఒక్కరే. చదివి, కళ్లజోడు తీసి నాతో అన్నారు: "ఈ డేటాబేసు మనది కాదమ్మా. పేకేజీతోపాటు ఇచ్చినారంతే. పెళ్లోరు ఇచ్చిన విడిదిల్లు లాంటిది. పడుకోవచ్చు, తినొచ్చు. గోడకి మేకు కొట్టకూడదు." అంటే వివరాలన్నీ దాచే ఆ డేటాబేసులో ప్యాకేజీవాళ్ల టేబుళ్లే, ఆ గళ్ల పట్టికలే, ఉండాలి. మన సొంత టేబులు ఒక్కటి పెట్టుకున్నా, దానికి పూర్తి లైసెన్సు విడిగా కొనుక్కోవాలి.

అంత తెలిసిన మనిషే మేకు కొట్టారు. అప్పలనాయుళ్ల వల్ల.

ప్రతి కార్మికుడికీ టోకెన్ నంబరు ఉంది. అయితే ఏం లాభం, మేస్త్రి హాజరు చీటీ మీద నంబరు రాయడు, పేరు రాస్తాడు. ప్యాకేజీకి పదకొండుమందీ ఒక్కటే. పొందూరు అప్పలనాయుడు మానేసిన రోజులు పాలకొండ అప్పలనాయుడి మీద పడ్డాయి. పనిదినాలు చాలలేదని పాలకొండవాడి పేరు పర్మినెంటు జాబితాలోంచి కొట్టేశారు. అతను మా సెక్షన్ గుమ్మంలో తువ్వాలు పిండుకుంటూ నిలబడ్డాడు. "నాను రోజూ వొచ్చినాను బాబూ. నా పేరున్నోడు రానేదు. ఆడు రాకపోతే శిచ్చ నాకేటి?" సార్ ఆ పూట అన్నం తినలేదు.

ఆయన ఒక చిన్న టేబులు తయారుచేశారు. నంబరు, ఊరు, ఇంటిపేరు, చివర 'పిలుపు'. ఆ గడిలో కళ్లజోడు, గూని, రెండోపెళ్లి అని మిల్లులో ఎవరిని ఎలా పిలుస్తారో అలాగే ఎక్కించారు. కానీ దాన్ని వాడకంలో పెట్టేముందు, పూర్తి లైసెన్సు కావాలని మేనేజరుకు ఉత్తరం రాశారు. దాన్ని పట్టుకెళ్లింది నేనే. మేనేజరు చదివి సొరుగులో పడేశాడు. "ఎవడు చూడొచ్చాడు? ముందు పని కానిమ్మను," అన్నాడు. ఆ మాట తెచ్చి సార్‌కి చెప్పిందీ నేనే. పాలకొండ అప్పలనాయుడు నెలలోపే మళ్లీ జాబితాలోకి ఎక్కాడు.

నాలుగేళ్లు ఎవడూ చూడలేదు. తర్వాత డేటాబేసు కంపెనీ తరఫున ఒక కుర్రాడు లైసెన్సుల తనిఖీకి వచ్చాడు. మధ్యాహ్నం టీ వచ్చేలోపే టేబులు దొరికింది. 'రెండోపెళ్లి' అంటే ఏమిటని అడిగి పగలబడి నవ్వాడు కూడా. నవ్వుతూనే రిపోర్టు రాసుకుపోయాడు.

మర్నాడు మేనేజరు నన్ను పిలిచాడు. టైపు చేసిన కాగితం ముందు పెట్టాడు. ఇన్‌చార్జి ఎవరికీ చెప్పకుండా సొంతంగా చేశాడనీ, ఉత్తరం ఏదీ రాయలేదనీ అందులో ఉంది. "పిల్లలున్నదానివి. ఆలోచించుకో," అన్నాడు. చాలాసేపు ఆలోచించానని రాసుకుంటే బాగుండేది. పెన్ను మూత తీసేంతసేపే ఆలోచించాను.

విచారణలో ఆ కాగితం పైకి చదివారు. సార్ నావైపు చూశారు. ఉత్తరం మోసింది ఈవిడే కదా అని ఒక్కమాట అంటే చాలు, నేను నిలబడలేను. అనలేదు. మేనేజరుతో మాత్రం అన్నారు, "టేబులు తీసీయకండి బాబూ. అప్పలనాయుళ్లు మళ్లీ కలిసిపోతారు." నాకా మాట విన్నప్పుడు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. ఆ పరిస్థితిలో కూడా అంత మంచిగా ఉండాలా మనిషి?

మిల్లు టేబులు తియ్యలేదు, ఆయన్ని తీసేసింది. ఆ తర్వాతి నెలలోనే పూర్తి లైసెన్సు కొంది. ఇప్పుడు గోడా మాదే, మేకూ మాదే. కొట్టినవాడే దొంగ. ఊరి నోటికి లైసెన్సులేం తెలుస్తాయి, సాఫ్ట్‌వేర్ దొంగ అని పేరు పెట్టింది. రాజాం కాలేజీల్లో ఎవరూ ఉద్యోగమివ్వలేదు. చర్చిలో కానుకల సంచి పట్టే పని కూడా మెల్లగా వేరేవాళ్లకి అప్పగించారు. చివరికి విజయనగరంలో ఒక నెట్ సెంటరులో జనాలకి దరఖాస్తులు నింపిపెట్టేవారు. ఒకసారి బస్సులోంచి కనిపించారు. ఎవరిదో ఫారం చివరి అక్షరం దాకా చదువుతున్నారు. నేను తల దించుకున్నాను, బస్సు కదిలింది.

జ్ఞాపకార్థ కూడికకి అప్పలనాయుళ్లు పదకొండుమందీ వచ్చారు. మేనేజరు రాలేదు. ప్రార్థన అయ్యాక షామియానా కింద వరసగా ఆకులు వేశారు. అన్నం ఎవరో వడ్డించి వెళ్లారు. వెనకాలే పప్పు గిన్నె పట్టుకుని సార్ భార్య వచ్చారు. నా ముందు ఆగారు.

"నువ్వు ఆయన దగ్గర పని సేసినావు కదమ్మా. ఆ కాగితం మీద సంతకం ఎవులు పెట్టినారో నీకు తెలుసా? ఎన్నిసార్లు అడిగినా ఆయన సెప్పలేదు. పిల్లలున్న మనిషి, ఒగ్గీ, ఇడిసిపెట్టీ, అనీవోరు."

తెలీదని అనడం నాకు అలవాటైన పనే. నోటి దాకా వచ్చింది కూడా.

"నేనేనండీ," అన్నాను.

పక్కన కళ్లజోడు అప్పలనాయుడు అన్నం సర్దుకుంటున్న చెయ్యి ఆపేశాడు. ఆవిడ గరిటె అలాగే పట్టుకుని నన్ను చూశారు. పక్క ఆకు దగ్గరికి జరిగి, గరిటెడు పప్పు వేసి, "ఇంకొంచెం ఎయ్యమంతావా నాయినా?" అని అతన్ని అడిగారు. తర్వాత ఆ పక్కవాడిని అడిగారు. అలా ఒక్కొక్కరినీ అడిగి అడిగి వడ్డిస్తూ వరస చివరిదాకా వెళ్లారు. నా ఆకులో తెల్లన్నం ఒక్కటే ఉంది. లేచిపోవడం తేలిక. లేవలేదు. ముద్ద చేసుకుని మింగుతూ కూర్చున్నాను. ఖాళీ గిన్నెతో ఆవిడ మళ్లీ నా ముందు నుంచే లోపలికి నడిచి వెళ్లారు.