తిప్పని కాలరు

మా వీధి చివరి దర్జీని అందరం మామయ్యా అనేవాళ్లం. తక్కువకే కుట్టినా, ఆయన చొక్కా ఒంటికి అతికినట్టుండేది, ఏళ్ల తరబడి మన్నేది. పక్క కుట్ల లోపల రెండు వేళ్ల బట్ట మడిచి ఉంచేవాడు.

"పెళ్లయ్యాక లావెక్కవూ? అప్పుడు విప్పుకుందాం, కొత్తదెందుకూ!" అనేవాడు.

కాలరు అరిగితే ఊడదీసి, అరిగిన వైపు లోపలికి తిప్పి కుట్టేవాడు. చొక్కాకి మళ్లీ ప్రాణం వచ్చేది.

ఆయన కొడుకు పెళ్లి కాకుండానే జ్వరంతో పోయాడు. ఏడాది తర్వాత మామయ్య ఒంటిమీద ఒక నీలం చొక్కా చూశాను. పక్కలు విప్పి వదులు చేసిన చోట, రంగు వెలిసిపోని ముదురు నీలం పట్టీలు కనబడుతున్నాయి. కాలరు మాత్రం పీచులు లేచిపోయింది.

"ఊరందరి కాలర్లూ తిప్పుతావు, నీదాన్నిలా వదిలేశావేం మామయ్యా?" అని తెలియక వేళాకోళం చేశాను.

మిషను ఆగింది. ఆయన కాలరు తడుముకున్నాడు.

"మావాడిదిరా ఇది. వాడి మెడ రాసుకుని అరిగింది. తిప్పితే ఆ వైపు లోపలికి పోదూ?"

తిప్పించుకోవడానికి తెచ్చిన చొక్కాను నేను వీపు వెనక్కి దాచుకున్నాను. ఆయనే చెయ్యి చాచాడు.

"ఇటివ్వు. సాయంత్రానికి తిప్పేస్తాను."