గేర్లు లేని గేర్‌బాక్స్

విల్ఫ్ టాన్స్లీ ఎడమచేతి చూపుడువేలికి కొస లేదు. చూసి ఎవరైనా జాలిపడితే అతనికి ఒళ్ళు మండేది. "ఊరికే పోలేదు, పనికిచ్చాను" అనేవాడు. ఆ పనిని ఎవరు మట్టిపాలు చేశారో నాకు తెలుసు. ఇంగ్లండులో, మా నార్తాంప్టన్‌షైర్‌లో కారు రేసు జరిగే ప్రతిచోటా నా టీ బండి ఉండేది. బేకన్ రొట్టె కోసం నిలబడ్డ మగవాళ్ళు, పెనం ముందున్న ఆడదానికి చెవులుండవనుకుంటారు. నా చెవులు అప్పటికీ ఇప్పటికీ బాగానే పనిచేస్తున్నాయి.

విల్ఫ్, క్లైవ్ రెన్షా ఒకే లారీల కర్మాగారంలో పని నేర్చుకున్నారు. ఇద్దరూ గేర్‌బాక్స్ మనుషులే. ఆ పనివాళ్ళకు ఒక అలవాటు ఉండేది. పెట్టె బిగించేముందు లోపలి గోడమీద మేకుతో తమ పేరు గీకేవాళ్ళు. నూనెలో మునిగిపోయే పేరు, చూసేవాడు ఉండడు. అయినా గీకకుండా మూసిన మొనగాడు లేడు. తర్వాత ఇద్దరూ రేసు కార్ల పనిలోకి వచ్చి చెరో జట్టులో చేరారు.

చక్రాలు బయటికి కనబడే ఆ ఒంటి సీటు కార్లలో డ్రైవరు వెనక ఇంజను, దాని వెనక గేర్‌బాక్స్. బలమంతా వెనక చక్రాలకే పోవాలి. నాలుగింటికీ పంపడం అంతకు ముందే నిషేధించారు. గేరు మార్చిన ప్రతిసారీ రెప్పపాటు ఆ బలం తెగిపోతుంది. విల్ఫ్‌కి ఆ రెప్పపాటు మీద పగ. ఏళ్ళ తరబడి కూర్చుని, అసలు గేర్లే లేని పెట్టె చేశాడు. వెడల్పూ ఇరుకూ అయ్యే రెండు కప్పీలు, వాటి మధ్య ఉక్కు పట్టీ. ఇంజను ఒకే ఊపులో తిరుగుతూ ఉంటుంది, కారు మాత్రం వేగం పెంచుకుంటూ పోతుంది. అతని వేలి కొసను మింగింది ఆ పట్టీయే.

పాత విమానాల మైదానంలో దాన్ని పరీక్షించిన రోజు నేనూ ఉన్నాను. కారు ఒకటే స్వరంతో, ఎక్కడా ఆగని మూలుగుతో వచ్చింది. డ్రైవరు నవ్వుకుంటూ దిగాడు. క్లైవ్ పంది మాంసం కూరిన పోర్క్ పై ఒకటి తింటూ కంచె దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఏంట్రా విల్ఫ్, మీ అత్తగారి దుమ్ము పీల్చే మిషన్ తగిలించావా?"

"అవున్రా. ముందు నీ కారునే పీల్చేస్తుంది, కాచుకో."

క్లైవ్ పగలబడి నవ్వాడు. కానీ చేతిలోని పోర్క్ పై తినడం మానేశాడు.

ఆ నెల తిరక్కుండానే నిబంధనల సంఘం ఒక వాక్యం కలిపింది. ప్రతి కారుకూ విడివిడి గేర్లు ఉండి తీరాలట. విల్ఫ్ పెట్టె ఒక్క రేసు కూడా చూడకుండానే చచ్చిపోయింది. ఆ సంఘంలోని మనిషి ఒకడు నా బండి దగ్గర టీ ఊదుకుంటూ, "క్లైవ్ బంగారంలాంటి కుర్రాడు. ఆ పట్టీ సంగతి మాకు ఓపిగ్గా విడమర్చి చెప్పాడు" అన్నాడు. మరుగుతున్న కెటిల్ వాడి నెత్తిన కుమ్మరించాలనిపించింది.

మాలో ఒక కట్టు ఉండేది. పక్కవాడి కారులో ఏం చూసినా అధికారుల దగ్గరికి మోయకూడదు. తగువుంటే పబ్బులో తేల్చుకోవాలి, ముక్కు పగిలితే పగిలింది. ఆ కట్టు తెంపినవాడు క్లైవ్. విల్ఫ్‌తో ఆ మాట చెప్పింది నేనే. అతను టీ మొత్తం తాగి, కప్పు తానే కడిగి పెట్టాడు.

"వాడిలాగా నేను మోయను బెరిల్. వాడి నోటితోనే వాడిని పూడుస్తాను" అన్నాడు.

పెట్టెను షెడ్డులో పెట్టి దుప్పటి కప్పాడు. తర్వాత ఎన్నో కార్లకు గేర్‌బాక్సులు బిగించాడు, దేనిలోనూ పేరు గీకలేదు.

కొన్నేళ్ళకి ఒక తడి వసంతంలో క్లైవ్ జట్టు కారు గెలవడం మొదలెట్టింది. డ్రైవరు రూపర్ట్ ఫెయిన్ డబ్బున్నవాళ్ళ బిడ్డ, పెడలు మీద వాడి పాదం ఇనుప గుండు. అలాంటివాడు వానలో మలుపు దాటి ఎంత తొక్కినా చక్రాలు జారడం లేదు. విల్ఫ్ గొడుగు వేసుకుని మలుపు దగ్గర నిలబడి విన్నాడు. ఇంజనుకు ఎక్కిళ్ళు వచ్చినట్టు చిన్న తడబాటు. వెనక చక్రం జారబోతే చాలు, రెప్పపాటు ఇంజను నోరు నొక్కే పెట్టె ఎక్కడో దాగి ఉంది. అదీ నిషేధమే.

"ఇంకేం, పట్టించెయ్" అన్నాను.

"ఊహూఁ. ఇక నుంచి రూపర్ట్‌ని పొగుడుతాను."

నాకు ముందు అర్థం కాలేదు. క్లైవ్ వినేలా, ఎక్కడ పడితే అక్కడ, విల్ఫ్ ఆ కుర్రాణ్ణి ఆకాశానికెత్తడం మొదలెట్టాడు. ఏం పాదం, ఏం సున్నితం, ఇలాంటి డ్రైవరు మళ్ళీ పుట్టడన్నాడు. మిగతావాళ్ళూ వంత పాడారు. క్లైవ్ ముఖం వారానికోరకంగా మాడేది. నూనెలో మునిగే చోట కూడా పేరు గీకుకునే మనిషి వాడు, తన పనికి ఇంకొకడి పేరు ఎన్నాళ్ళు వింటాడు?

ఆఖరి రేసు కూడా వానలోనే. రూపర్ట్ గెలిచాడు, ఆ ఏటి విజేత అయ్యాడు. తనిఖీ కోసం కార్లను తాడు వెనక నిలిపారు. అభ్యంతరాల గడువు ఇంకా తీరలేదు. నా బండి దగ్గర క్లైవ్ అప్పటికే బీరు మీద ఉన్నాడు. కౌంటరు చివర, రెయిన్‌కోటు టోపీ కిందికి లాక్కుని, తనిఖీ పెద్ద ప్లమ్రిడ్జ్ గారు రొట్టెలో సాస్ పోసుకుంటున్నారు. విల్ఫ్ ఆయన్ని చూశాడు. క్లైవ్ చూడలేదు.

"పాదమంటే అదిరా క్లైవ్! ఆ కుర్రాడి కింద గాడిదని పెట్టినా గెలుస్తాడు. నీదేముంది, నువ్వు బోల్టులు బిగించావు."

"నోర్ముయ్ విల్ఫ్."

"నిజం చెప్తే ఉలుకెందుకురా? నీ జన్మలో సొంతంగా ఒక్కటి చేశావా? నేను కనీసం ఒకటి చేశాను."

క్లైవ్ బల్ల గుద్దాడు. నా చక్కెర డబ్బా ఎగిరి పడింది.

"పాదమా? వాడి పాదానికి సైకిల్ తొక్కడం కూడా రాదు! జారకుండా ఆపేది నా పెట్టెరా, నా పెట్టె! సీటు కిందే ఉంది, మంటలార్పే సీసా లోపల! నేను చేశాను!"

ప్లమ్రిడ్జ్ గారు టోపీ వెనక్కి తోసి, మూతి తుడుచుకున్నారు.

"మిస్టర్ రెన్షా, ఆ సీసా ఒకసారి చూద్దాం పదండి."

నాకు పట్టరాని సంతోషం వేసింది, దాచుకోను. ఆ రోజు అందరికీ టీ ఊరికే పోశాను.

గెలుపు పోయింది. క్లైవ్‌ని మళ్ళీ ఏ జట్టూ గడప తొక్కనివ్వలేదు. చలికాలంలో ఒక ఆదివారం వాడు విల్ఫ్ షెడ్డుకొచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. తిడతాడేమో అనుకున్నాను.

"అది ఇంకా ఉందా?" అన్నాడు.

విల్ఫ్ దుప్పటి లాగేశాడు. బల్లకు బిగించిన ఇంజనుతో దాన్ని తిప్పాడు. అదే స్వరం, ఎక్కడా తెగకుండా. క్లైవ్ కళ్ళు తడిశాయి. అంత అందంగా తిరిగేది వాడి చేతుల్లో ఎన్నడూ పుట్టలేదు. ఆ సంగతి వాడికి పరీక్ష రోజున కంచె దగ్గరే తెలిసిపోయింది. ఇంజను ఆపాక జేబులోంచి చెయ్యి తీసి మెల్లిగా పెట్టె వైపు చాపాడు.

"ఒక్కసారి ముట్టుకోనా విల్ఫ్?"

విల్ఫ్ కొసలేని వేలితో దుప్పటి అంచు పట్టుకుని పెట్టె మీద కప్పేశాడు.

"వద్దు" అన్నాడు.