ఆగే పైపు

ఒక్క మాటతో కారును పేడకుప్పలోకి ఎలా దింపవచ్చో ఇప్పుడు చెప్పబోతున్నాను. మాటవరసకు అనడం లేదండోయ్! నిజంగానే ఒక్క మాట, రెండే అక్షరాలు. రాసింది నేనే, చదివింది నేనే, తలదించుకుని నిలబడిందీ నేనే. ఈ తప్పును ఎవరి నెత్తినైనా రుద్దుదామని ఇన్నేళ్లుగా వెతుకుతున్నాను, ఒక్క మనిషీ దొరకలేదు.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. పేరు యాదగిరి, ఉండేది గౌలిపురలో, ఇంట్లో పదకొండు బర్రెలు. అందరూ పాలు పిండుతుంటే నేనొక్కణ్ణే పానా పట్టుకుని జహనుమాలో ఉన్న రహ్మత్ ఉస్తాద్ కార్ఖానాకు పోయేవాణ్ణి. నాలుగేళ్లలో నాకు వచ్చిన పనికంటే వచ్చిన పొగరు ఎక్కువ. గల్లీలో ఎవరు బండి స్టార్ట్ చేసినా తల పక్కకు వంచి, కళ్లు మూసుకుని విని, "ఇంజన్ల ట్యాపెట్లు లూజున్నయ్" అనేవాణ్ణి. చాలాసార్లు అది ట్యాపెట్ల గోల కానే కాదు. అయినా అనేవాణ్ణి.

ఆ కార్ఖానాకు నస్రీన్ ఆపా కారు వచ్చింది. ఆపా అంటే అక్క, మా అందరికీ అక్కే. డ్రైవింగ్ స్కూలు నడుపుతుంది. వారమంతా జనానికి క్లచ్ వదలడం నేర్పి, సెలవు దొరికితే మట్టిరోడ్ల మీద కార్ల పందేలకు, అదే ర్యాలీలకు, పోతుంది. పాత చిన్న కారు ఒకటి కొని, వెనక సీటు పీకేసి, బోల్తాపడ్డా నలగకుండా లోపల ఇనుప పైపులతో పంజరం కట్టించింది. కొండల్లో జరిగే పెద్ద ర్యాలీకి మొదటిసారి పేరిచ్చింది. దానికోసం బ్రేకు పైపులన్నీ కొత్తవి వేయాలి. కింద నుంచి పోతే రాళ్లు తగిలి తెగిపోతాయి కాబట్టి అవి కారు లోపలి నుంచే పోవాలి.

"బ్రేకుల పని పక్కాగ అయితే యాదిని నాతోని తీస్కపోత ఉస్తాద్," అన్నది ఆపా. "సర్వీస్ టీంల ఒక జాగా ఉంది. జాకెట్ గూడ ఇస్త."

జాకెట్! నీలం రంగుది, వీపు మీద టీం పేరు, గుండె మీద మన పేరు, అదీ దారంతో కుట్టింది. దాన్ని తొడుక్కుని మా గల్లీలో ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్కసారి నడిస్తే చాలు, తర్వాత జన్మంతా పేడ ఎత్తమన్నా ఎత్తుతాననుకున్నాను. ఆ రోజు నుంచి నాకు నిద్రలోనూ నీలం రంగే.

ఇక్కడ చిన్న బ్రేకుల పాఠం. భయపడకండి, నాలుగు ముక్కలే. డ్రైవర్ సీటు పక్కన, గేర్ రాడ్ దగ్గర, రెండు పైపుల కొసలు తేలి ఉంటాయి. ఒకటి ముందు చక్రాలది, ఒకటి వెనక చక్రాలది. ర్యాలీ కారులో హ్యాండ్‌బ్రేక్ బండిని ఆపి చాయ్ తాగడానికి కాదు. మలుపులో దాన్ని లాగితే వెనక చక్రాలు బిగుసుకుని, కారు తోక గిర్రున తిరగాలి. కాబట్టి హ్యాండ్‌బ్రేక్ వెనక పైపుకే కలవాలి. ఇది గుర్తుంటే చాలు, ఈ కథకు మెకానిక్ పని రానక్కర్లేదు. నాకూ రాదని కాసేపట్లో తేలుతుంది.

ఉస్తాద్ రెండు పైపులనూ ముచ్చటగా వంచి, కారు లోపల సీట్ల కిందుగా తెచ్చి, కొసలు పైకి తేల్చాడు. కారు లోపలి నుంచే కేకేశాడు.

"యాదీ! కొసలకు పర్చీలు అంటియ్. ముందలదానికి ఆగే అని రాయి, ఎన్కదానికి పీఛే అని రాయి."

కార్ఖానాలో మా భాష అంతే. ముందుదీ, ముందుకూ ఆగే; వెనకది పీఛే. ఉర్దూ అక్షరాలు నాకు రావు కాబట్టి తెలుగులోనే టేపు ముక్క మీద "ఆగే" అని గుండ్రంగా రాసి అంటించాను. రెండో ముక్క చింపబోతుంటే టేపు అయిపోయింది.

"రెండోదానికి?" అన్నాడు ఉస్తాద్.

"ఒకటి తెలిస్తే రెండోది తెల్వదా ఉస్తాద్?"

"హౌ రే, బహుత్ అఖల్ వాలా," అన్నాడాయన. మహా తెలివిగలవాడివని. అది మెచ్చుకోలు అనుకున్నాను.

హ్యాండ్‌బ్రేక్ సామాను పార్సిల్లో రావడానికి నెల పట్టింది. సరిగ్గా అది వచ్చిన రోజే ఉస్తాద్ మేనల్లుడి పెళ్లికి కార్వాన్ బస్తీకి బయలుదేరాడు. మూడు రోజులు దుకాణం బంద్. "హ్యాండ్‌బ్రేక్ నువ్వు బిగించు. జర డౌట్ ఉన్నా ఫోన్ చెయ్," అని చెప్పి, కారును ట్రాలీ ఎక్కించి మా ఇంటికి పంపించాడు. మా కొట్టం పక్కన రేకుల కింద, పదకొండు బర్రెల ఎదుట, కారు నిలబడింది.

అసలు తప్పంతా ఇక్కడే ఉంది చూడండి. ఆ చీటీని కార్ఖానాలో చదివి ఉంటే ఉర్దూలో చదివేవాణ్ణి. ఇంట్లో చదివాను కాబట్టి తెలుగులో చదివాను. మా ఇంట్లో మనుషులూ తెలుగే, బర్రెలూ తెలుగే. సీటు పక్కన వంగి చూస్తే నా చేతిరాత, ముత్యాల్లాంటి అక్షరాలు: ఆగే. "ఆహా, ఆగే పైపు! అంటే బండి ఆగే పైపు, హ్యాండ్‌బ్రేక్‌ది," అనుకున్నాను. నెల కిందటి నా తెలివికి నేనే మురిసిపోయాను.

హ్యాండ్‌బ్రేక్ గొట్టం ఆ కొసకు అందలేదు. నాలుగు వేళ్లు తక్కువైంది. చీటీ లేని రెండో కొసేమో సరిగ్గా గొట్టం కిందే, దానికోసమే పుట్టినట్టు నిలబడి ఉంది. బుద్ధి ఉన్నవాడు అక్కడ ఆగుతాడు. మోకాళ్ల మీద వంగి, టార్చి వేసి, ఏ పైపు ఎటు పోతుందో చూస్తాడు. నాకు మోకాళ్లున్నాయి, టార్చీ ఉంది. కానీ నేను చూసింది ఉస్తాద్ వయసు వైపు. "పాపం, కళ్లు మందగిస్తున్నయ్, కొలత తప్పిండు," అని జాలిపడి, ఆయన బిగించిన క్లిప్పులు విప్పి, ముచ్చటగా వంచిన పైపును నా ఇష్టానికి మళ్లీ వంచాను. గొట్టం అందింది. మిగిలిన కొసను పెడల్ నుంచి వచ్చే పైపుకు బిగించాను. "గురువును మించిన శిష్యుడివిరా," అని నా భుజం నేనే తట్టుకున్నాను.

ఇక పైపుల్లో గాలి తీయాలి. దానికి ఇద్దరు కావాలి. ఒకరు పెడల్ నొక్కి పట్టుకుంటే, ఇంకొకరు చక్రం దగ్గర చిన్న నట్టు వదిలి గాలిని బయటికి పంపాలి. మా అమ్మను పిలిచాను. పాలు పిండి చేతులు కడుక్కుంటున్న మనిషి అలాగే వచ్చి, ఆపా ర్యాలీ కోసం వేయించిన లోతు సీటులో దిగబడింది.

"అమ్మా, నొక్కు!"

"నొక్కిన."

"గట్టిగ పట్టు! ఆఁ... ఇప్పుడు విడువు."

"విడిచిన. ఇంకెన్నిసార్లురా? బర్రె గూడ ఇంత సతాయించదు."

ఇరవైసార్లు నొక్కాక అమ్మకు విసుగొచ్చి చుట్టూ చూడటం మొదలుపెట్టింది. ఐదో తరగతి చదివిన మనిషి, ఎక్కడ అక్షరాలు కనిపించినా చదవందే ఊరుకోదు.

"గిదేందిరా, ఆగే అని రాసినవ్? ఆగే అంటే ముందలది గాదా?"

"గది ఉర్దూల అమ్మా. గిది తెలుగు. బండి ఆగే పైపు."

"మరి రెండోది ఆగని పైపా?"

చూడండి, ఐదో తరగతి ప్రశ్న! అడిగింది నాలుగేళ్ల మెకానిక్‌ను. ఇరుక్కున్నప్పుడు మగపిల్లలు తల్లితో ఏమంటారో నేనూ అదే అన్నాను.

"అమ్మా, నువ్వు బర్రెల సంగతి చూస్కో. బ్రేకుల సంగతి నాకిడిచిపెట్టు."

"సరే తియ్ బిడ్డా," అన్నది అమ్మ చల్లగా. "ముందు నన్ను ఈ కుర్చీలకెళ్లి బయటికి గుంజు."

గుంజడానికి మా చిన్నాన్న కూడా రావాల్సి వచ్చింది. ఎలాగూ వచ్చాడు కదా అని ఆయన్నే కారు తోయమని, హ్యాండ్‌బ్రేక్ లాగి చూశాను. కారు అంగుళం కదల్లేదు. ముందు చక్రాలు బిగుసుకున్నా కారు కదలదు, వెనకవి బిగుసుకున్నా కదలదు. ఆ చిన్న సంగతి నా పెద్ద బుర్రకు తట్టలేదు. పరీక్ష పాసయ్యానని ప్రకటించుకున్నాను.

నాలుగో రోజు పొద్దున ఉస్తాద్, నస్రీన్ ఆపా వచ్చారు. మా కొట్టం వెనక ఖాళీ జాగా ఉంది. మధ్యలో ఖాళీ డ్రమ్ము ఒకటి పెట్టాం. ఆపా వేగంగా వచ్చి, డ్రమ్ము దగ్గర హ్యాండ్‌బ్రేక్ లాగి, దాని చుట్టూ గిర్రున తిరగాలి. డ్రమ్ముకు అవతల మా పదకొండు బర్రెల వారం కష్టం, నడుమెత్తు పేడకుప్ప, ట్రాక్టర్ కోసం ఎదురుచూస్తోంది.

"చెక్ చేసినవా?" అన్నాడు ఉస్తాద్.

"పక్కా ఉస్తాద్."

"పీఛే చక్రాలు లాక్ అయితున్నయా?"

"చిన్నాన్న తోసినా బండి కదలలే ఉస్తాద్!"

అడిగిన దానికి ఇది జవాబు కాదని ఆయనకు అర్థమయ్యేలోపు ఆపా బండి ఉరికించేసింది. ఎర్రమట్టి లేచింది. నేను చేతులు కట్టుకుని, జాకెట్ మీద నా పేరు గుండె దగ్గర ఎక్కడ వస్తుందో వేలితో తడుముకుంటున్నాను. కారు డ్రమ్ము దగ్గరికి వచ్చింది. ఆపా స్టీరింగ్ తిప్పింది, హ్యాండ్‌బ్రేక్ లాగింది.

తోక తిరగలేదు. ముందు చక్రాలు పక్కకు తిరిగినవి తిరిగినట్టే బిగుసుకుపోయాయి. కారు నింపాదిగా, తిన్నగా, ఎవరో పిలిచినట్టు జారుకుంటూ డ్రమ్మును దాటిపోయి, "తప్" అని పేడకుప్పలో దిగింది. అద్దం దాకా దిగింది. పదకొండు బర్రెలూ నెమరు ఆపి చూశాయి.

వైపర్లు రెండుసార్లు అటూ ఇటూ ఊగాయి. పరుగెత్తుకెళ్లాం. ఆపా బెల్టు విప్పుకుని, దెబ్బ లేకుండా, తొణక్కుండా దిగింది. అరిచి ఉంటే బాగుండేది. మెల్లగా ఒకటే మాట అడిగింది.

"యాదీ, గిది కొండ మీద మలుపైతే?"

పేడకుప్ప ఉన్న చోట లోయ ఉంటే ఏమయ్యేదో కళ్లకు కట్టింది. నవ్వుల కథలో కన్నీళ్లేమిటంటారేమో, సిగ్గుతో నిజంగానే కళ్లు నిండాయి. జాకెట్ పోయిందని కాదు. ఆపా ముఖంలోకి చూడలేకపోయాను.

ఉస్తాద్ లోపలికి వంగి చూశాడు. తాను వంచిన పైపు, నేను వంచిన వంకర, నా చేతిరాత, మూడూ చూశాడు.

"యే కౌన్ లిఖా?"

"నేనే ఉస్తాద్."

"రాసింది నువ్వే. చదివిందెవరు?"

"నేనే."

"ఎట్ల చదివినవ్?"

"తెలుగుల," అన్నాను, నాకే వినపడనంత మెల్లగా.

ఉస్తాద్‌కు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఆ లోపు చెంబు పట్టుకుని మా అమ్మ వచ్చింది. కారును చూసింది, కుప్పను చూసింది, నన్ను చూసింది. రెండు భాషలూ కలిపి తీర్పు చెప్పింది.

"ఆగే పైపు అన్నవ్ గదరా! ఆగలే. ఆగే పోయింది."

ముందు నవ్వింది ఆపా. తర్వాత ఉస్తాద్ నవ్వాడు, టోపీ జారి పేడలో పడేదాకా నవ్వాడు. నేనూ నవ్వాను, కానీ ఏడుస్తున్న మనిషి నవ్వు ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా.

"అమ్మా," అన్నది ఆపా కళ్లు తుడుచుకుంటూ, "మీకు ఈ సంగతి ముందే తెలుసా?"

"అడిగిన బిడ్డా. బర్రెల సంగతి చూస్కొమ్మన్నడు."

"అయితే ర్యాలీకి మీరే రాండ్రి నాతోని. యాది ఈడనే ఉంటడు."

ఎగతాళికి అంటోందనుకున్నాను. ఆపా ముఖం చూస్తే అలా లేదు. అమ్మ నిజంగానే వేళ్ల మీద రోజులు లెక్కపెట్టింది, ఆ లెక్క తేలేలోపు నా ప్రాణం పోయి వచ్చింది.

"నేనొస్తే బర్రెలకు పాలెవరు పిండాలె? వీన్నే తీస్కపో బిడ్డా. ఈడ ఉంచితే బర్రెలకు గూడ పైపులు మారుస్తడు."

అలా అమ్మకు వచ్చిన జాగాలో, అమ్మ వద్దంటే, నేను ర్యాలీకి పోయాను. పోయేముందు కారును ఏడుసార్లు కడిగాను. ఉస్తాద్ పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటే పైపులు మొత్తం విప్పి మళ్లీ బిగించాను. ఈసారి రెండు కొసలకూ చీటీలు కట్టాను. చక్రాలు జాకీ మీద లేపి, ఏది బిగుసుకుంటుందో చేత్తో తిప్పి చూశాను. కొండల్లో ప్రతి మలుపులోనూ ఆపా కారు తోక గిర్రున తిరిగింది, చివరిదాకా పోయి చక్కగా తిరిగొచ్చింది.

జాకెట్ కూడా ఇచ్చారండీ! నీలం రంగుదే, దారంతో కుట్టిందే. ఉస్తాద్ దగ్గరుండి కుట్టించాడు. ఆత్రంగా విప్పి గుండె మీద చూసుకున్నాను. యాదగిరి అని లేదు. తెలుగులో, నా చేతిరాతనే దించినట్టు, గుండ్రంగా "ఆగే" అని ఉంది. అది తొడుక్కునే గల్లీలో ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాను.

కాబట్టి, ఆ జాకెట్ మీద చెయ్యి వేసి, పదకొండు బర్రెల సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఏ పైపుకైనా రెండు కొసలకూ చీటీ కడతాను. ఉర్దూలో విన్నదాన్ని తెలుగులో చదవను. ఇక అమ్మ ఏదైనా అడిగితే, మోకాళ్ల మీద వంగి, టార్చి వేసి చూసి మరీ జవాబు చెబుతాను.

ఇప్పుడు గౌలిపురలో నన్ను యాదగిరి అనేవాళ్లు లేరు. గల్లీలో పోతుంటే వెనక నుంచి ఎవరో ఒకరు "ఓ ఆగే!" అని కేకేస్తారు. ఆగాలో ముందుకు పోవాలో ఇప్పటికీ నాకు తెలియదు.