టేక్ ఓకే అయిన గుండె

మొన్న అటక మీది సామాను దింపుతుంటే నాన్న ఫ్రేము చేతికొచ్చింది. దుమ్ము తుడుస్తున్నా, ఆ చెక్కలోంచి సిగరెట్టు కంపు ఇంకా వస్తూనే ఉంది.

నాన్న సినిమాల్లో తండ్రి వేషాలు వేసేవాడు. తొంభైల మొదట్లో ఫిల్మ్‌నగర్‌లో మా ఇంటి వెనక అన్నీ బండరాళ్ళే. వానలు తగ్గాక ఆ సందుల్లో పండే సీతాఫలాల కోసం మోకాళ్ళు గీరుకుని ఇంటికొస్తే హాలు నిండా పొగ, దసరాకి అమ్మ చేసిన బొబ్బట్ల పళ్ళెంలో బూడిద, సోఫాల నిండా నాన్న భజన బృందం. ఆయన దగ్గినా గొంతులో ఎంత గాంభీర్యమో అని మెచ్చుకునే జాతి అది.

ఆ దసరా వెళ్ళాక మెట్లెక్కుతుంటే నాన్నకి గుండెల్లో పట్టేసింది. పడుకోబెట్టి తీసిన ఈసీజీ బాగానే వచ్చింది గానీ, ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ తీస్తే కాసేపటికే అందులో గీత కిందికి జారింది. గుండె రక్తనాళాలు పూడుకుంటున్నాయి, మందులు వాడుతూ సిగరెట్లు మానేసి రోజూ నడవండి, మూడు నెలలకి మళ్ళీ చూద్దాం అన్నాడు డాక్టరు. నాన్న దాన్నొక వేషంలా పట్టుకున్నాడు. కొత్త కాన్వాసు బూట్లు, పొద్దున్నే కొండవాలు మీద నడక, నోట్లో సిగరెట్టు బదులు సోంపు. పక్కన నేనూ నడిచేదాన్ని. మా హాల్లోకి వంటింటి పోపు వాసన వస్తుందని నాకు తెలిసింది అప్పుడే. ఎంత సంతోషపడ్డానో.

రెండో పరీక్షలో చాలాసేపు నడిచాడు, గీత జారలేదు. నాళాల్లో పూడిక ఎక్కడికీ పోలేదనీ, ఇది సిగరెట్టు మానేసి నడిచే మనిషి రిపోర్టనీ, మళ్ళీ సిగరెట్టు ముట్టి నడక మానితే ఇది మీది కాదనీ డాక్టరు ఓపిగ్గా చెప్పాడు.

నాన్న నవ్వాడు. "టేక్ ఓకే అయ్యాక మళ్ళీ అదే సీను ఎవరు చేస్తారండీ?"

ఆస్పత్రి గేటు దాటకముందే బృందంలో ఒకడు అగ్గిపుల్ల గీశాడు. బూట్లు వాచ్‌మన్‌కి పోయాయి. ఆ ఈసీజీ కాయితానికి ఫ్రేము కట్టించి, వందరోజుల షీల్డుల మధ్య తగిలించి, వచ్చినవాళ్ళందరికీ పొగ వదులుతూ చూపించేవాడు. అమ్మ ఒక్కసారే అడిగింది. "ఏవండీ, గోడకి తగిలించారు సరే, ఆ గీత మీ లోపల ఉందా?" బృందం పడీపడీ నవ్వింది.

మళ్ళీ దసరా రాకముందే నాన్న మేకప్ కుర్చీలోనే పోయాడు. భజన బృందం మా గేటు దగ్గరే నిలబడి సిగరెట్లు వెలిగించుకుని, రిపోర్టు ఓకే అయిందిగా, ఇలా ఎలా జరిగిందని తెగ ఆశ్చర్యపోయింది. ఆ రోజు పుట్టిన అసహ్యం నాకిప్పటికీ తగ్గలేదు. అందులో నాన్న వాటా కూడా ఉంది, అదే ఎక్కువ బాధ.

ఇప్పుడా బండలు లేవు, వాటిని పగలగొట్టి కాఫీ షాపులు కట్టారు, సీతాఫలాలు సూపర్ మార్కెట్లో కొంటున్నాను. ఫ్రేమును కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. ఆ కాయితం మీద అచ్చు ఎక్కువ కాలం నిలవదట. ఎర్ర గళ్ళు అలాగే ఉన్నాయి. నాన్న గీత చెరిగిపోయింది.